తాత ట్యూబు మీద వాలుగ వేట

పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. ఆ ఊరు ఎక్కడుందో ఫోన్లో మ్యాపు తెరిచి చూశాక అమ్మ సంతోషం కొంచెం తగ్గింది. మాది బోనకల్ పక్కన ఊరు. ఇంటి ముందు కాలువ, వెనక మిర్చి తోట, పూటకు నాలుగుసార్లు రైలు కూత. నాకు ఉద్యోగమిచ్చిన ఊరు టేకులపల్లి దాటాక, తారు రోడ్డు దిగి అడవిలోకి పోతే వస్తుంది. బ్రాంచి పోస్టుమాస్టర్ అంటే పేరు పెద్దదే కానీ ఒక గది, ఒక బల్ల, ఒక ముద్ర, చేతిలో పట్టుకునే ఒక మిషను, అన్నిటికీ కలిపి నేనొక్కదాన్నే. పొద్దున పదింటికి తెరిస్తే మధ్యాహ్నం రెండుకల్లా పని అయిపోయేది. రెండు దాటాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

ఆ ఊళ్లోనే కాపురం ఉండాలన్నది ఈ ఉద్యోగంలో షరతు. గది కోసం అడిగితే చెరువు కట్ట పక్కనున్న ఇల్లు చూపించారు. అందులో ఒక తాత, ఒక అవ్వ. వాళ్ల కూతుళ్లిద్దరూ పక్క ఊళ్లలోనే ఉంటారు, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు వచ్చి గిన్నెడు కూర పట్టుకుపోతారు. ముసలివాళ్లిద్దరూ తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు, నాతో తెలుగులో మాట్లాడతారు. కిరాయి మాట ఎత్తకముందే అవ్వ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, చేప తింటవా అని. తింటానన్నాను. అట్లయితే సామాను తెచ్చుకొమ్మంది.

ఎందుకడిగిందో రెండో రోజే తెలిసింది. ఆ ఇంట్లో వారానికి నాలుగు రోజులు చేపే. పట్టేది తాత. పడవ లేదు, వల లేదు. తాత దగ్గర ఉన్నదల్లా గాలి నింపిన ఒక లారీ ట్యూబు. దాని నడిమి ఖాళీకి పాత మంచం నవారుతో అల్లిక అల్లి కూర్చోవడానికి వీలుగా చేసుకున్నాడు. అందులో కూర్చుంటే నడుము దాకా నీళ్లు, కాళ్లు కిందికి వేలాడుతుంటాయి. రెండు చేతులకూ రబ్బరు చెప్పులు తొడుక్కుని, వాటినే తెడ్లలా ఆడిస్తూ చెరువు మధ్యకు పోయేవాడు. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద ఒక తలపాగా తేలుకుంటూ పోతున్నట్టు ఉండేది.

ఆ చెరువు అడవి అంచున ఉంటుంది. ఇవతల కట్ట, అవతల టేకు చెట్లు. ఎప్పుడో మునిగిపోయిన చెట్ల మోళ్లు నీళ్లలోంచి అక్కడక్కడా తల ఎత్తి ఉంటాయి. ఆ మోళ్ల దగ్గర వాలుగలుంటాయని తాత అనేవాడు. వాలుగ అంటే పొలుసు లేని చేప, పెద్ద నోరు, నోటికి రెండు పక్కలా పొడుగాటి మీసాలు, ఒళ్లంతా వెండి రంగు. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ. చెరువులో వల వేసే సంఘం వాళ్లు ఎండాకాలంలో ఒకసారి వస్తారు, గాలం వేసుకునేవాళ్ల జోలికి రారు.

తాత గాలానికి బెండు కట్టేవాడు కాదు. ఇది నాకు వింతగా తోచింది. మా కాలువ గట్టున చేపలు పట్టేవాళ్లందరూ నీళ్ల మీద తేలే బెండునే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంటారు, అది మునిగితే లాగుతారు. తాత మాత్రం తంగూసు దారాన్ని చూపుడు వేలు మీదుగా వదిలి, కళ్లు మూసుకుని ఉండేవాడు. ఊళ్లో అందరూ దాన్ని గొప్ప పనితనం అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం. ఆకాశమంతా మబ్బు, ఎండ జాడే లేదు. నేను టీ గ్లాసు పట్టుకుని కట్ట మీద నిలబడి ఉన్నాను. తాత ట్యూబు అవతలి ఒడ్డున తుంగ వెంట పోతోంది. కొంచెంసేపటికి వెనక్కి తిరిగి మధ్యకు వచ్చింది. మళ్లీ తుంగ వైపే పోయింది. వేట బాగున్నట్టుంది అనుకున్నాను. మూడోసారి కూడా అదే దారిలో అదే చుట్టు చుట్టేసరికి ఏదో తేడాగా అనిపించింది. అంతలో పత్తి ఏరడానికి పోయిన అవ్వ తిరిగి వచ్చింది. తల మీది మూట దించకుండానే చెరువు వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, మూట కింద పడేసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కోయలో ఒక పొడుగాటి కేక వేసింది.

ట్యూబు ఆగింది. తలపాగా అటూ ఇటూ తిరిగింది. అవ్వ మళ్లీ పిలిచింది. ట్యూబు మా వైపు మళ్లింది. కొంత దూరం వచ్చి పక్కకు పోతే అవ్వ మళ్లీ పిలిచేది, అది మళ్లీ సరైన దారికి వచ్చేది. అట్లా పిలుపు పట్టుకుని, పిలుపు పట్టుకుని తాత ఒడ్డుకు చేరాడు. నేను మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి చెయ్యి చాచాను. పసుపుపచ్చ డ్రెస్సు వేసుకుని ఉన్నాను, రెండు బారల దూరంలో ఉన్నాను.

"ఎవలు?" అన్నాడు తాత.

ఇంటికొచ్చాక అవ్వ పొయ్యి వెలిగించలేదు. తాత ఎదురుగా కూర్చుంది. నేను వినాలనేమో, తెలుగులోనే అడిగింది. "ఎన్ని దినాలైంది కండ్లు కనబడక?"

తాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "రెండేండ్లు గావస్తంది," అన్నాడు. "చెరువుల చూసేదేముంటది? పొద్దు ఏ దిక్కునుందో ఎలుగు తెలుస్తది. దాన్ని బట్టి ఒడ్డుకొస్త. ఇయ్యాల పొద్దు లేకపాయె."

అప్పుడు అర్థమైంది, బెండు ఎందుకు లేదో. కట్టినా కనబడదు కాబట్టి కట్టలేదు. రెండేళ్లుగా ఆయన ఆ చెరువులో వేలి మీదా, ఎండ వెలుగు మీదా బతుకుతున్నాడు. ఇంట్లో మాత్రం ప్రతి వస్తువూ ఎక్కడుందో లెక్కగా తెలుసు కాబట్టి అవ్వకు కూడా దొరకలేదు. అవ్వ తిట్టలేదు. లేచి వెళ్లి పొద్దుటి చేపకూర వేసి అన్నం పెట్టింది. తింటూ ఉండగా ఆయన కంచంలో ముళ్లు ఏరి పెట్టింది. నేను ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసినప్పుడు కూడా ఈ సంగతి చెప్పలేకపోయాను.

మర్నాడు నా బల్ల ముందుకు వచ్చిన ఆశ కార్యకర్తను పట్టుకున్నాను. పెద్ద దవాఖానాలో కంటి ఆపరేషన్లు చేస్తున్నారని, పేరు రాయిస్తే చాలని చెప్పింది. తాత రానన్నాడు. కత్తి కంట్లో పెడతారట గదా అన్నాడు. కత్తి పెట్టకపోతే ఇక ట్యూబు ఎక్కేది లేదని అవ్వ తేల్చి చెప్పింది. ట్యూబులో గాలి తీసి, దాన్ని మడిచి, అటక మీద పెట్టి, నిచ్చెన పక్కింటికి ఇచ్చేసింది. మూడో రోజు తాత తనే నా దగ్గరికి వచ్చి, ఎప్పుడు పోదామని అడిగాడు.

ముందు ఒక కంటికే చేశారు. పట్టీ తీసిన పొద్దున నేనూ అక్కడే ఉన్నాను. తాత రెప్పలు ఆర్పుకుంటూ ముందు గోడను చూశాడు, తర్వాత తన గోళ్లను చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వేనా పోస్టు బిడ్డవు?" అన్నాడు. "ముద్ర గుద్దుడు సప్పుడు ఇని పెద్ద మనిషివనుకున్న."

తర్వాత అవ్వ వైపు తిరిగి ఎగాదిగా చూసి, ముసల్దానివైపోయావని అన్నాడు. అవ్వ తన సంచిలోంచి చిన్న అద్దం తీసి ఆయన మొహం ముందు పెట్టింది. పక్క మంచాల మీదివాళ్లు కూడా నవ్వారు.

ఆపరేషన్ బాగా అయింది కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. డాక్టరు చెప్పినవి మూడు: వంగొద్దు, బరువు ఎత్తొద్దు, కంట్లో నీళ్లు పడొద్దు. చెరువు మాట అసలే ఎత్తొద్దు, మళ్లీ తాను చెప్పేదాకా. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసే పని నాది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తాత రోజంతా కట్ట మీద కూర్చునేవాడు. రెండేళ్లు కనబడనివన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి. అదే ఆయనను మరీ బాధపెట్టింది. అక్కడ నీళ్లు కదిలాయి, ఇక్కడ బుడగలు లేచాయి, ఆ మోడు పక్కన తోక తిప్పింది అని ఒకటే పోరు. చుక్కలు వేయడానికి వెళ్తే తల ఎత్తడు, చెరువే చూస్తుంటాడు.

ఒక రోజు మందు వేయించుకుంటూ, నీకు ఈత వస్తుందన్నావు కదా అని అడిగాడు. కాలువ గట్టున పుట్టినదాన్ని, రాకుండా ఎట్లా ఉంటుంది? వస్తుంది కానీ చేపలు పట్టడం రాదన్నాను.

"చేపలు పట్టుడు నేను జెప్త," అన్నాడు. "నువ్వు మునగకుంటే సాలు."

అవ్వ ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. ట్యూబుకు నైలాన్ తాడు కట్టాలి, రెండో కొస కట్ట మీది చెట్టుకు కట్టాలి. తాడు పొడుగు ఎంతుంటే అంత దూరమే పోవాలి. నిచ్చెన పక్కింటి నుంచి తిరిగి వచ్చింది, ట్యూబు కిందికి దిగింది. దాని మీద ఉన్న పంక్చరు అతుకులు చూస్తే నాకు ధైర్యం కొంచెం సన్నగిల్లింది. తాత మాత్రం ఒక్కో అతుకు మీద వేలు పెట్టి, అది ఏ మోడు గుచ్చితే పడిందో చెప్పాడు.

మొదటి రోజు నేను చేపల సంగతి అటుంచి, ట్యూబును ముందుకు పోనివ్వడమే సాధించలేకపోయాను. చెప్పులు చేతులకు తొడుక్కుని ఎంత ఆడించినా అది ఉన్న చోటే గిరగిరా తిరిగేది. బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు రాళ్ల మీద కూర్చుని పని మానేసి చూశారు. రెండు చేతులూ ఒకేసారి ఆడించమని తాత చెప్పేలోపే నేను ఒక పక్కకు ఒరిగి బోర్లా పడ్డాను. తేలేసరికి ట్యూబు నా తల మీద టోపీలా ఉంది. ఆ ఊరి ఆడవాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడటం ఆ రోజు నుంచే మొదలైంది. అంతకుముందు ముద్ర వేయించుకుని వెళ్లిపోయేవారు. ఇప్పుడు ముద్ర వేయించుకుని, నిన్న ఎన్నిసార్లు పడ్డావని అడిగి వెళ్లేవారు.

వారానికి నేరుగా పోవడం వచ్చింది. అప్పుడు ఎర పాఠం. వాలుగకు వాసన కావాలి. కోడి పేగులు ఒక డబ్బాలో పెట్టి ఎండలో రెండు రోజులు ఉంచితే వచ్చే వాసన. ఆ డబ్బా మూత తీసిన మొదటిసారి నేను కట్ట దిగి అవతలకు పారిపోయాను. అలవాటు పడ్డాక ఇంకో చిక్కు వచ్చింది, నాకు ఆ వాసన తెలియకుండా పోయింది, మిగతావాళ్లకు తెలుస్తోంది. పింఛను తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన వేలిముద్ర కోసం నేను చెయ్యి పట్టుకుంటే, చెయ్యి వెనక్కి తీసుకుని వాసన చూసుకున్నాడు. ఆ రోజు నుంచి బల్ల మీద నిమ్మచెక్క పెట్టుకునేదాన్ని.

మొదట పడ్డది వాలుగ కాదు, జెల్ల. అరచెయ్యంత ఉంది. సంబరంగా చేత్తో పట్టుకున్నాను. దాని రెక్క దగ్గర ముల్లుంటుందని తాత చెప్పే ఉన్నాడు, నేనే మర్చిపోయాను. బొటనవేలు నుంచి మోచేతి దాకా నిప్పు పెట్టినట్టయింది. ఏడుస్తూ ఒడ్డుకు వచ్చాను. అవ్వ సున్నం రాసింది. తాత నా వేలు చూడకుండా బుట్టలోని జెల్లను చూసి, పర్వాలేదు, మంచి సైజేనన్నాడు. అంత నొప్పిలోనూ నాకు కోపం రాకపోగా గర్వంగా అనిపించడం ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం వేలిది. బెండు కడతానంటే తాత వద్దనలేదు. కట్టుకో, చేప వచ్చి నీ బెండుకు దండం పెట్టి పోతుందన్నాడు. వాలుగ గబుక్కున మింగదట. ముందు మీసాలతో తడుముతుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది, మళ్లీ వస్తుంది. బెండుకు ఇదంతా తెలియదు, వేలికి తెలుస్తుంది. కట్ట మీద కూర్చోబెట్టి, నన్ను కళ్లు మూసుకోమని, దారం రెండో కొస తన చేతిలో పెట్టుకుని నేర్పించాడు. ఇది అల, ఇది చిన్న చేప కొరుకుడు, ఇది మోడుకు తట్టుకోవడం, ఇది జెల్ల. ఇక ఇది అంటూ ఎవరో చీకట్లో చీర కొంగు పట్టుకుని మెల్లగా లాగినట్టు ఒక్క లాగు లాగాడు. అది వాలుగ.

"ఇది వచ్చినంక గుంజకు," అన్నాడు. "పోనియ్యి. పోయి పోయి అదే నిన్ను గుంజుతది. గప్పుడు పట్టు."

నెల రోజుల పాటు అది రాలేదు. జెల్లలు పడ్డాయి, ఒకసారి తాబేలు పడింది, ఒకసారి ఎవరిదో పాత లంగా పడింది. సాయంత్రాలు హాయిగా గడుస్తున్నాయి కాబట్టి నాకు పెద్ద చింత లేదు. కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని కూర్చుంటే పైన నీళ్లు వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా ఉండేవి. బుడబుంగ పిట్టలు నా పక్కనే మునిగి ఎక్కడో లేచేవి. అమ్మ ఫోన్ చేసి, సాయంత్రాలు ఏం చేస్తున్నావంటే, తాత దగ్గర కూర్చుంటున్నానని చెప్పేదాన్ని. అబద్ధం కాదు, ఆయన కట్ట మీద, నేను చెరువులో.

మా పోస్టాఫీసులను చూసుకోవడానికి నెలకోసారి ఒక ఓవర్సీరు గారు మోటారు సైకిల్ మీద వచ్చేవారు. తల్లాడ వైపు మనిషి. మాటలు తక్కువ. లెక్కల పుస్తకంలో గీత వంకరగా ఉన్నా వేలు పెట్టి చూపించేవారు. ఎప్పుడూ పదకొండుకు వచ్చేవారు. ఆ నెల బండి దారిలో ఆగిపోవడంతో ఆయన వచ్చేసరికి నాలుగు దాటింది. ఆఫీసు తాళం వేసి ఉంది. పోస్టుమాస్టరమ్మ ఎక్కడుందని అడిగితే ఎవరో చెరువులో ఉందని చెప్పారు. నీళ్లకు పోయిందేమోననుకుని ఆయన కట్ట ఎక్కారు.

సరిగ్గా అప్పుడే నా వేలి మీద ఎవరో చీర కొంగు పట్టుకుని లాగినట్టయింది.

ఒకసారి. ఆగింది. మళ్లీ ఒకసారి. గుంజకు అనుకున్నాను. దారం వదిలాను. అది నెమ్మదిగా పోయింది, ఇంకొంచెం జోరుగా పోయింది, చేతిలోని ప్లాస్టిక్ సీసాకు చుట్టిన దారమంతా బిరబిరా తిరిగి అయిపోయింది. ఇక పట్టాను. ట్యూబు ఒక్కసారి గిర్రున తిరిగి అడవి వైపు బయలుదేరింది. నేను చెప్పులు ఆడించడం లేదు. రెండు చెప్పులూ ఎప్పుడో నీళ్లలో పడి తేలుకుంటూ పోతున్నాయి. దారం వేళ్లను కోస్తోంది. నేనూ, ట్యూబూ, నీళ్లను చీల్చుకుంటూ మోళ్ల వైపు పోతున్నాం. మోళ్లలోకి దూరితే దారం తెగుతుంది, లేదా ట్యూబుకు ఇంకో అతుకు పడుతుంది.

అంతలో వెనక నుంచి ఎవరో పట్టి ఆపినట్టు ట్యూబు ఆగింది. అవ్వ కట్టిన తాడు బిగిసింది. ముందు నుంచి చేప లాగుతోంది, వెనక నుంచి చెట్టు లాగుతోంది, మధ్యలో నేను. అల్లిక నవారు కిర్రుమంటోంది. భయంతో దారం వదిలేద్దామనిపించింది. కట్ట మీది నుంచి తాత గొంతు వినబడింది. "ఇడ్వకు బిడ్డా. ఒడ్డు మేం జూస్కుంటం. నువ్వు దాన్నే జూడు."

మేం అంటే ఎవరో నాకు వెంటనే తెలియలేదు. తర్వాత అవ్వ చెప్పింది. తాత లేచి తాడు పట్టుకోబోతే, బరువు ఎత్తొద్దన్నారని అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చుట్టూ చూస్తే ఓవర్సీరు గారొక్కరే కనిపించారు. చేతిలో సంచి, ఇస్త్రీ చేసిన ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు. ఆయనెవరో అవ్వకు తెలియదు, తెలిసినా ఆగేది కాదు. సంచి తీసుకుని పక్కన పెట్టి, తాడు ఆయన చేతిలో పెట్టి, జల్దీ గుంజు అయ్యా అంది. ఆయన ఒక్క క్షణం తాడు వైపూ, నా వైపూ చూసి, లాగడం మొదలుపెట్టారట.

నేను వెనక్కి కదలడం మొదలైంది. చేప దానికి ఒప్పుకోలేదు. ఒకసారి పైకి లేచి ఒళ్లు తిప్పింది. సాయంత్రపు ఎండలో దాని పొట్ట తెల్లగా మెరిసింది. నా నడుము దాటేంత పొడుగుంది. అది లాగినప్పుడు తాత ఆగమనేవాడు, ఓవర్సీరు గారు ఆగేవారు. అది అలిసినప్పుడు తాత గుంజమనేవాడు, ఆయన గుంజేవారు. మా సార్‌ని ఒకరు అట్లా ఆజ్ఞాపించడం, ఆయన మారుమాట లేకుండా వినడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు, మళ్లీ చూడలేదు. ఎంతసేపు పట్టిందో తెలియదు. నాకైతే ఒక పూటంత అనిపించింది. చివరికి నా పాదాలకు బురద తగిలింది. చేప కూడా ఇక లాగడం మాని, పక్కకు ఒరిగి నా వెంట వచ్చింది.

నోట్లో వేలు పెట్టకు, పళ్లుంటాయని తాత అరుస్తూనే ఉన్నాడు. ఎట్లా ఎత్తాలో నాకు తెలియక నీళ్లలో నిలబడిపోయాను. ఓవర్సీరు గారు బూట్లతోనే బురదలోకి దిగారు. రెండు అడుగులు వేసి జారి వెల్లకిలా పడ్డారు. పడ్డవారు పడ్డట్టే తువ్వాలు అడిగి తీసుకుని, దాని తలకు చుట్టి, రెండు చేతులా పొదివి పట్టుకుని గట్టు మీదికి విసిరారు. ఆ రోజు అప్పుడే మొదటిసారి ఆయన నాతో మాట్లాడారు.

"ఆఫీసు టైము అయిపోయాకే కదమ్మా దిగింది?"

అవును సార్ అన్నాను. సరేనన్నారు.

ఆ సాయంత్రం ఆయన ప్యాంటు పొయ్యి దగ్గర ఆరుతుంటే, తాత ఇచ్చిన లుంగీ కట్టుకుని కుక్కి మంచం మీద కూర్చున్నారు. చిన్నప్పుడు తమ ఊరి చెరువులో తామూ ఇలాగే వాలుగలు పట్టేవాళ్లమని, ఉద్యోగంలో చేరాక గాలం ముట్టుకోలేదని తాతకు చెప్పారు. అంత పొడుగ్గా మాట్లాడిన మనిషి ఆయనేనా అని నేను వంటింట్లోంచి తొంగి చూశాను. అవ్వ చింతపండు పులుసు కాచింది. ముక్కలు పెద్దవి కోసింది, కారం గట్టిగా వేసింది, చివర్లో మెంతిపిండి చల్లింది. ఇంటింటికీ ఒక ముక్క పంపించాక కూడా గిన్నె నిండుగానే ఉంది. ఓవర్సీరు గారు మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. వెళ్లేముందు నా పుస్తకాలు చూస్తానని చెప్పి, నిజంగానే చూశారు, ఒక గీత వంకరగా ఉందని వేలు పెట్టి చూపించారు. ఆ వేలికి కూడా తాడు కోసిన గాటు ఉంది.

తాత మాత్రం ఆ రాత్రి తక్కువ మాట్లాడాడు. చుక్కలు వేయడానికి వెళ్తే, ముందు నా చెయ్యి చూపించమన్నాడు. దారం కోసిన వేళ్లను ఒక్కొక్కటే దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నేనైతే మోళ్లల్ల ఇడిసేటోన్ని," అన్నాడు. "మంచిగ పట్టినవ్." నాకు అంతకుమించి అక్కర్లేకపోయింది. మర్నాడు ముద్ర ఎడమ చేత్తో గుద్దాను. అక్షరాలు వంకరగా పడ్డాయని ఎవరూ అడగలేదు, ఎందుకు పడ్డాయో ఊరందరికీ తెలుసు.

శివరాత్రి వెళ్లాక డాక్టరు తాతకు అనుమతి ఇచ్చాడు. తల ముంచకుండా ఉండాలన్నాడు. తాత మునగనని నా ముందే మాట ఇచ్చాడు. అప్పటికి నేను ఇంకో లారీ ట్యూబు సంపాదించాను. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు బోనకల్‌లో పంక్చరు షాపతన్ని అడిగితే, ఈ కాలంలో ట్యూబులు దొరకడమే కష్టమని, అయినా వెతికి ఇచ్చాడు. దేనికని అమ్మ అడిగింది. అప్పుడిక చెప్పక తప్పలేదు. ఆ రోజు కేకలు విని కట్ట మీదికి వచ్చినవాళ్లెవరో తీసిన చేప ఫొటో ఫోన్లో చూపించాను. అమ్మ చాలాసేపు ఫొటో చూసి, నీ వెనక బురదలో ఉన్న ఆయనెవరని మాత్రం అడిగింది. మా సార్ అని చెప్పాను. ట్యూబు బస్సులో పెట్టడానికి నాన్నతో పాటు అమ్మ కూడా వచ్చింది.

మొదటి రోజు ఇద్దరం కలిసి బయలుదేరాం. తాత ముందు, నేను వెనక. తాడు లేదు, కానీ అవ్వ కట్ట మీద కూర్చుంది. రెండేళ్ల తర్వాత కంటిచూపుతో ఆ చెరువులోకి దిగిన మనిషి ఆయన. మోళ్ల దగ్గర ఆగి గాలం వేశాడు. దారం వేలి మీద పెట్టుకున్నాడు కానీ కళ్లు మూసుకోలేదు. అవతలి ఒడ్డున ఒక టేకు చెట్టు కొమ్మ విరిగి ఉంది, అది ఎప్పుడు విరిగిందని అడిగాడు. తెలియదన్నాను. మద్ది చెట్టుకు తేనెపట్టు ఉందన్నాడు. తామర ఆకు మీద పాముపిల్ల ఉంది చూడమన్నాడు. నీటికాకులు ఎన్నున్నాయో లెక్కపెట్టాడు. అట్లా చూస్తుండగా ఆయన దారం గట్టిగా కదిలింది, నా కంటికే కనబడింది. తాతా, దారం అన్నాను. ఆయన గబుక్కున లాగాడు. ఖాళీ గాలం పైకి వచ్చింది.

పొద్దు వాలేదాకా అదే తంతు. మూడుసార్లు ఎర పోయింది, ఒక్క చేపా పడలేదు. నాకు కూడా ఏమీ పడలేదు, ఎందుకంటే ఆయన చూపించినవన్నీ నేనూ చూస్తూ కూర్చున్నాను. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఆయన ఎవరి పిలుపూ లేకుండా అవ్వ కూర్చున్న చోటికే నేరుగా వచ్చాడు. ఖాళీ బుట్ట చూసి అవ్వ ఇంట్లోకి వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టింది.

ఆ పూట ముగ్గురం పప్పూ, ఎండు మిరపకాయల పచ్చడీ తిన్నాం. తాత తేనెపట్టు గురించి, విరిగిన కొమ్మ గురించి, నీటికాకుల గురించి మొదట తెలుగులో, తర్వాత మర్చిపోయి కోయలో చెబుతూనే ఉన్నాడు. అవ్వ వింటూ, మధ్యమధ్య ఏదో అడుగుతూ, ఆయన కంచంలో అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు చెప్పింది.